ఐదో మూత

ఇరవై ప్రశ్నలు, గంట టైము. పెన్సిల్‌తో గుండ్రాలు నింపాలి, గీత దాటితే మిషను చదవదు అని కాగితాలు పంచిన అమ్మాయి రెండుసార్లు చెప్పింది, రెండోసారి నా వైపే చూస్తూ చెప్పింది, నాకు చెవుడనుకుందో, నెరిసిన జుట్టు చూసి జాలిపడిందో. టైనారా అట పేరు, మెడలో వేలాడే కార్డు మీద ఉంది. గదిలో ముప్పై మందిమి, ఇరవై తొమ్మిది మందికి నా కొడుకుల వయసు ఉంటుంది, లిఫ్టు పాడైతే ఏడంతస్తులూ మోకాలు పట్టుకుని ఎక్కినవాణ్ణి నేనొక్కణ్ణే, ఇంకా రొప్పు తగ్గలేదు. రొప్పంటే నాదీ ఒక రొప్పేనా, నా పాత స్నేహితుడు వాల్దెసిది కదా రొప్పంటే. అందుకే వాణ్ణి కిందే ఆపేశాను. నువ్వు ఎక్కితే నేను పరీక్షకి కాదురా, నిన్ను మోసుకుని ఆసుపత్రికి పోవాలి అన్నాను. వాడు నవ్వబోయి దగ్గాడు, చెరుకురసం బండివాడి దగ్గర స్టూలు అడిగి తీసుకుని నీడలోకి జరిగి కూర్చున్నాడు, వెళ్లరా వెళ్లు, ఈసారి తప్పితే ఇక్కణ్ణుంచి నడిచే ఇంటికి పోవాలి, బస్సెక్కనివ్వను అన్నాడు. తోడు రావద్దంటే వినడు. అరవై ఆరేళ్లవాడు అరవై నాలుగేళ్లవాణ్ణి పరీక్షకి తీసుకురావడం రియోలో ఇంకెక్కడైనా ఉందా. ఆ కిటికీలోంచి కిందికి చూస్తే వాడి టోపీ కనిపిస్తుందేమో, లేస్తే అమ్మాయి ఊరుకోదు.

ఈ ఏడాది నుంచి కొత్త రూలు, కోచ్ లైసెన్సు లేనివాడు ఫుట్‌బాల్ జట్టు బెంచీ మీద కూర్చోకూడదట, మూడో డివిజన్ అయినా సరే, మా ఎస్త్రేలా లాంటి శివారు జట్టయినా సరే. ఆ బెంచీ మీద ముప్పై ఒక్క ఏళ్లుగా కూర్చుంటున్నాను, దాని చెక్క మీద నా పిర్రల అచ్చు పడిపోయిందని మా ఆటగాళ్ల ఎగతాళి. రెండుసార్లు తప్పాను, ఇది మూడోది, ఇక నాలుగోది ఉండదు. ఇరవైలో పన్నెండు రావాలి. రాకపోతే ఆదివారం మ్యాచికి నేను కంచె బయట, జనంలో, బెంచీ మీద మా అధ్యక్షుడి మేనల్లుడు, వాడికి కాగితం ఉంది, మైదానాన్ని సున్నంతో గళ్లు గళ్లుగా గీయించి ఎవడి గడిలో వాడు ఉండాలంటాడు. ఆదివారం గెలిస్తే రెండో డివిజను. పదమూడేళ్ల తర్వాత ఇంతదాకా వచ్చాం. నాకు ఇక ఓపిక లేదు, ఈ ఒక్క ఆదివారం వరకే దాచుకున్నాను ఉన్న కాస్తా.

ఒకటి నుంచి ఏడు దాకా వచ్చేశాయి, గాయాలు, నీళ్లు, రూల్స్, అవి ఎవడికైనా వస్తాయి. ఎనిమిది తెలియదు. తొమ్మిదిలో ఏదో గ్రాఫు, దాన్ని చూస్తే మా ఆవిడ గుండె పరీక్ష కాగితం గుర్తొచ్చింది, వదిలేశాను. పన్నెండు నుంచి పదిహేడు దాకా అంతా మేం రొయ్య అని పిలిచే ఆ పరదేశివాడి పుస్తకమే. ఇందాక మెట్ల మీద ఒకడు, చెవిలో వైర్లు పెట్టుకున్నవాడు, పాపం మర్యాదగానే అడిగాడు, మాస్టారూ, ఆ డెన్మార్క్ ఆయన పుస్తకం చదివారా, మన ఆటని ఎంత బాగా అర్థం చేసుకున్నాడండీ, అది చదవకపోతే ఈ పరీక్ష గట్టెక్కలేం అని. చదివాను బాబూ అన్నాను. నిజానికి వాల్దెసి చదివి వినిపించాడు, నాకు చిన్న అక్షరాలు కనిపించవు, వాడికి పెద్ద వాక్యం ఒక ఊపిరిలో రాదు, ఇద్దరం కలిసి నెల రోజుల్లో సగం పుస్తకం లాగాం.

రొయ్య చెడ్డవాడు కాదు. అసలు పేరు యెప్పె, ఇంటిపేరు మాకెవరికీ నోరు తిరగలేదు. వాడూ కోచే, ఆరేళ్ల కిందట మా ఆట చూడ్డానికి వచ్చాడు, ఒక పూట ఎండకే ఉడికించిన రొయ్యలా ఎర్రబడిపోయాడు, సాయంత్రానికల్లా పేరు స్థిరపడిపోయింది, వాడికీ నచ్చింది. మూడు నెలలు మా కంచె పట్టుకుని నిలబడ్డాడు, చిన్న కెమెరా, నల్ల నోట్‌బుక్కు, మధ్యాహ్నం పస్తెల్, మాంసం కూరిన వేపుడు కజ్జికాయ, కొనుక్కుని నూనె కారుతుండగా తినేవాడు. వాళ్ల దేశంలో జట్టంతా గళ్లలో నిలబడి బంతి కోసం ఎదురుచూస్తుందట, మీవాళ్లేమిటి బంతి ఎక్కడుంటే అక్కడికి వచ్చి చేరతారు, ఒకడి పక్కన ఒకడు మెట్లు కట్టినట్టు ఏటవాలుగా నిలబడతారు, ఎవరు చెబుతారు వీళ్లకి అనేవాడు. ఎవరూ చెప్పరు బాబూ అంటే రాసుకునేవాడు. మొదటి సగంలో ఎడమవైపే ఎందుకు చేరతారు, రెండో సగంలో కుడివైపే ఎందుకు అని అడిగాడు ఒకరోజు. నీడ కోసం అన్నాను. వైపులు మారాక ఆ రెండూ ఒకటే, అటు పాత నేతమిల్లు గోడ ఉంది, మూడు గంటలకి దాని నీడ మైదానంలో పావువంతు పడుతుంది, నలభై డిగ్రీల ఎండలో నీడ వదిలి ఆడేదెవడు, మా నాన్నల కాలం నుంచీ అంతే. రొయ్య పడీపడీ నవ్వాడు, నా భుజం తట్టాడు, అది మాత్రం రాసుకోలేదు. పుస్తకంలో అలా ఒక పక్కకి చేరడం మీద ఒక అధ్యాయం ఉంది, నీడ ఊసు లేదు. వాడి జట్టు అక్కడ వాళ్ల కప్పు గెలిచింది, పక్క దేశంవాళ్లూ అలాగే ఆడటం మొదలుపెట్టారు, టీవీలో చూపించారు, మంచు కురుస్తోంది, ఎండ జాడ లేదు, అయినా పదిమందీ పోయి ఒకే పక్కన ఇరుక్కుని ఆడుతున్నారు. వాల్దెసీ నేనూ ఆ రోజు నవ్వి నవ్వి వాడి ఆయాసం మందు గొట్టం వెతుక్కోవలసి వచ్చింది. ఇప్పుడు ఆ పుస్తకమే మా భాషలోకి తిరిగొచ్చి నా ముందు కూర్చుంది, సమాధానం చెప్పు అంటోంది. కోపం రావాలి, నిజానికి రావడం లేదు. కోపానికీ ఓపిక కావాలి.

పదిహేను, పదహారు అయ్యాయి. పదిహేడులో బొమ్మ ఉంది.

నాలుగు నల్లచుక్కలు మావి, మూడు తెల్లచుక్కలు వాళ్లవి, గీతలు, బాణాలు. ఆరు, ఎనిమిది, పదకొండు, తొమ్మిది. ఎనిమిదో నంబరు దగ్గర బయల్దేరిన బంతి రెండు తెల్లచుక్కల మధ్య నుంచి నేరుగా పోయి తొమ్మిదికి చేరుతుంది. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఖాళీ కాగితం. ప్రశ్న ఏమిటంటే, ఆ దారి ఎలా తెరుచుకుంది. చుక్కల్ని చూడగానే గుర్తుపట్టాను, మనుషుల మొహాలు మరిచిపోతున్నాను గానీ వీటిని మరిచిపోలేను, ఇది మా గోలు. ఎనభై ఆరు, జనవరి, ఫైనలు. ఆ ఖాళీలో నిలబడ్డవాణ్ణి నేను. నన్ను గీయలేదు.

గీయకపోవడం రొయ్య తప్పు కాదు. ఆ రోజు బారులో వాడికి ఆ గోలు చూపిద్దామని వాల్దెసే మొదలుపెట్టాడు, బీరు మూతలు బల్ల మీద పేర్చాడు, వీడు ఆరు, వీడు ఎనిమిది, వీడు పదకొండు, ఇదిగో నేను తొమ్మిది, ఇక్కడ వీడు, మన జువెనాల్, పదో నంబరు, బంతి వస్తుంటే వెనక్కి కూడా చూడకుండా కాళ్ల మధ్య నుంచి నాకు వదిలేశాడు, ఇంత ధైర్యం నీ యూరప్‌లో ఎవడికైనా ఉందా అన్నాడు, దగ్గుతూ, గొప్పలు పోతూ, నావి కూడా తనే పోతూ. రొయ్య కళ్లు ఇంతింత చేసుకుని నా వైపు తిరిగాడు, అతను అక్కడున్నాడని మీకెలా తెలుసు మాస్టారూ అన్నాడు. చెబుదామనుకున్నాను. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, ఆ రోజు మరీ నాలుక చివరికొచ్చింది, బల్ల మీద నా మూతని తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను, వేళ్లతో తిప్పుతున్నాను, దాని అంచు అరచేతిలో గుచ్చుకుంటోంది. వాల్దెసి మొహం చూశాను. చెప్పలేకపోయాను. తెలుస్తుందంతే అన్నాను. ఈలోపు రొయ్య పైనుంచి బల్లని ఫొటో తీసుకున్నాడు. మావి నాలుగు మూతలే పడ్డాయి, ఐదోది నా గుప్పిట్లో ఉండిపోయింది.

నిజమేమిటంటే కాలు లేవలేదు. అంతే. తెల్లవారుజాము రెండు నుంచి బేకరీలో పిండి పిసికి, పొయ్యి ముందు తొమ్మిది దాకా నిలబడి, ఇంటికి పోయి పడుకుంటే పిల్లాడి ఏడుపు, మూడింటికి ఫైనలు. జట్టులో అందరిదీ అదే బతుకు, ఎనిమిదో నంబరు తాపీ పని, ఆరోవాడు చేపల రేవులో ఐసు మోసేవాడు, వాల్దెసి బస్సు కండక్టరు, రెండు డ్యూటీలు కలిపి చేసి యూనిఫాం ప్యాంటు కిందే నిక్కరు తొడుక్కుని వచ్చేవాడు. రొయ్య పుస్తకంలో బంధాలు, సంభాషణ, స్వేచ్ఛ అని పేజీలకి పేజీలు ఉన్నాయి, అవన్నీ ఉన్నాయేమో, కాదనను, కానీ మేం దగ్గర దగ్గరగా చేరింది పరిగెత్తలేక. దూరాన ఉన్నవాడికి కొడితే వాడు పరిగెత్తాలి, వాడి కోసం ఇంకొకడు పరిగెత్తాలి, ఎవడి దగ్గరుంది అంత ఊపిరి. పక్కవాడికి ఇచ్చి రెండడుగులు వేస్తే వాడు మళ్లీ ఇస్తాడు, ఆ రెండడుగులూ నీడలోనే వేయొచ్చు. మా ఆటంతా అలిసిపోయినవాళ్ల ఆట. ఎనభై మూడో నిమిషం. ఎనిమిదో వాడు నాకు కొట్టాడు, చక్కటి బంతి, నేల మీద దొర్లుకుంటూ నేరుగా నా కుడికాలికే వస్తోంది, వాళ్ల డిఫెండర్లిద్దరూ నా మీదికి ఉరికారు. కాలు ముందుకు చాపాలి. చాపమని చెప్పాను. తొడలో ఏదో బిగుసుకుపోయింది, మోకాలు వినలేదు, బంతి నా రెండు కాళ్ల మధ్య నుంచి వెళ్లిపోయింది, అయిపోయింది, పరువు పోయింది అనుకున్నాను, కళ్లు మూసుకున్నాను. అరుపు వినిపించాక తెరిచాను. వెనకనుంచి వాల్దెసి కొట్టేశాడు.

జనం వచ్చి నా మీద పడ్డారు, గోలు కొట్టినవాడి మీద కాదు. ఏం వదిలావురా, ఏం వదిలావురా అని. వాల్దెసి మాట్లాడలేదు, మాట్లాడే ఊపిరి లేదు వాడికి, ఛాతీలోంచి ఆ కూత, దాని వల్లే కదా వాణ్ణి సన్‌ఫోనా అనేవాళ్లు, అంటే మెడకి తగిలించుకునే హార్మోనియం, తిత్తి చిరిగినదాని మోత అది, నా మెడ మీద చెయ్యి వేసి అలా కూస్తూ నిలబడ్డాడు. శివారు పత్రికవాడు వచ్చి అడిగాడు, వెనక మనిషి ఉన్నాడని తెలిసే వదిలావా. తెలిసే వదిలాను అన్నాను. ఇరవై ఆరేళ్లవాణ్ణి, ఇంకేమంటాను. ఆ ఒక్క మాట మీద నిలబడ్డాయి తర్వాతివన్నీ. మోకాలు పూర్తిగా పోయాక కోచ్‌గా ఉండమన్నది ఆ మాట చూసే. కుర్రాళ్లకి ముప్పై ఏళ్లుగా నేర్పుతున్నది అదే, ముట్టుకోకుండా వదలడం కూడా ఆటేనర్రా, వెనక మనవాడు ఉన్నాడని నమ్మండి అని. నమ్మారు వాళ్లు. వదిలారు, వెనక నిజంగానే ఎవడో ఒకడు ఉన్నాడు ప్రతిసారీ, అదే నాకు అర్థం కాని విషయం. అబద్ధం నాదొక్కడిదే, వాళ్లది నిజం. అన్నిటికంటే సిగ్గు వాల్దెసి ముందు. వాడికి పిల్లల్లేరు, పెళ్లాం పోయింది, కండక్టర్లనే తీసేశారు, వాడి దగ్గర మిగిలిందల్లా ఆ కథ, నన్ను నమ్మి చూడకుండా వదిలేశాడు నా స్నేహితుడు అని బారులో ప్రతి కొత్తవాడికీ చెప్పుకుంటాడు. దాన్ని ఏ నోటితో లాక్కోను.

"పది నిమిషాలుందండీ" అంది టైనారా.

(ఎ) మైదానం వెడల్పును వాడుకోవడం. (బి) బంతి చుట్టూ సంఖ్యాధిక్యత. (సి) ప్రత్యర్థి పొరపాటు. (డి) వ్యక్తిగత ప్రతిభ. (ఇ) పైవేవీ కావు. రొయ్య లెక్కలో జవాబు బి, నూట నలభయ్యో పేజీ, వాల్దెసి మూడుసార్లు ఆగి చదివిన వాక్యం, నాకు గుర్తుంది. నిజం ఇ. జీవితంలో మొట్టమొదటిసారి నిజం చెప్పడానికి ఎవరో ఒక గుండ్రం గీసి పెట్టారు, నా మాట విని ఎవరి మొహమూ వాడిపోదు, పెన్సిల్ తిప్పితే చాలు. మళ్లీ లెక్కపెట్టాను, ఖాయంగా వచ్చినవి పదకొండు. పద్దెనిమిది నుంచి ఇరవై దాకా ఏవో కంప్యూటర్ ప్రశ్నలు, అవి నాకు రావు. అంటే ఈ ఒక్కటే. కంచె బయట నుంచి కూడా ఆట కనిపిస్తుంది, కనిపించదని కాదు, ఇంకా బాగా కనిపిస్తుంది. వినిపించదు. బెంచీ మీద కూర్చుంటే నేను చూసేది తక్కువ, ఈ కళ్లకి ఏం కనిపిస్తుంది, వినడమే ఎక్కువ, గీత పక్క నుంచి వెళ్లేవాడి ఊపిరి వింటాను, వీడు అయిపోయాడు, వీడికింకా పావుగంట ఉంది, వీడి పక్కకి ఇంకొకణ్ణి జరపాలి అని దాన్ని బట్టే చెబుతాను. ఆ మేనల్లుడికి అది వినిపించదు, వాడికి గళ్లు కనిపిస్తాయి. మా సెంటర్ ఫార్వర్డ్ రాత్రంతా సరుకు లారీ తోలి ఆదివారం ఆటకి వస్తాడు, డెబ్బయ్యో నిమిషంలో వాడి గడిలో వాణ్ణి ఒంటరిగా వదిలేస్తే చచ్చిపోతాడు. అబద్ధమాడి ఎక్కిన బెంచీ, అబద్ధమాడి ఇంకొక్క ఆదివారం కూర్చుంటాను, నాకు వేరే దారి తోచడం లేదు. బి నింపాను. గీత దాటకుండా, మెల్లగా.

తర్వాత పెన్సిల్ ఆగలేదు. బొమ్మలో, ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య, ఒక నల్లచుక్క పెట్టాను. పక్కన పది అని రాశాను.

టైనారా కాగితాలు తీసుకుంటూ చూసింది. "అయ్యో మాస్టారూ, బొమ్మ మీద గీయకూడదండీ."

"చెయ్యి జారింది తల్లీ."

"పర్లేదులెండి, అది మిషను చదవదు" అంది. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోమని కూడా చెప్పింది, మంచి పిల్ల. ఎక్కడం కంటే దిగడమే కష్టం, ప్రతి అంతస్తులో ఆగాను, ఆగినప్పుడల్లా ఒకే ఆలోచన, ఇవాళ ఒక అబద్ధం నింపి వచ్చాను, రెండోది ఇంక మొయ్యలేను, ఒక్కటైనా దించాలి. కిందికి వచ్చేసరికి వాల్దెసి సగం గ్లాసు చెరుకురసం నా కోసం అట్టేపెట్టి పైన టోపీ కప్పి ఈగల్ని తోలుతున్నాడు.

"ఏమైందిరా?"

"వచ్చినట్టే ఉంది. రేపు సాయంత్రం చెబుతారు. మన గోలు అడిగారు."

"మన గోలా!" లేచి నిలబడ్డాడు. "ఏం రాశావు?"

"సంఖ్యాధిక్యత."

"అంటే?"

"అంటే ఏమీ లేదు. వాల్దెసీ, కూర్చో. ఒక మాట చెప్పాలి." వాడు కూర్చోలేదు. నేను చెరుకురసం చూస్తూ చెప్పాను, వాడి మొహం చూస్తే చెప్పలేనని తెలుసు. "ఆ రోజు నేను వదల్లేదురా. నువ్వు వెనకున్నావని నాకు తెలియదు. కాలు లేవలేదు. బంతి పోయింది. అంతే. ఇన్నేళ్లూ నీకు అబద్ధం చెప్పాను."

బండివాడు చెరుకు గడ మిషన్లోకి తోసి చక్రం తిప్పుతున్నాడు. వాల్దెసి ఛాతీలో కూత వినిపిస్తోంది, ఒకటి, రెండు, మూడు. నేను కళ్లు మూసుకున్నాను, ఆ రోజు మూసుకున్నట్టే.

"తెలుసులేరా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నీ కాలు లేవట్లేదని. సెకండాఫ్ మొదట్నుంచీ ఈడుస్తూనే ఉన్నావు, కనపడదా నాకు? వాడు నీకు బంతి కొట్టగానే, సచ్చాం, వీడి వల్ల కాదు అనుకున్నా. అందుకేగా నీ వెనక్కి ఉరికింది. లేకపోతే ఆ ఎండలోకి నాకేం పని?"

"మరి ముప్పై ఎనిమిదేళ్లూ అందరికీ అలా ఎందుకు చెప్పావురా?" అన్నాను.

"పేపరోడికి నువ్వే చెప్పావుగా, తెలిసే వదిలానని. నువ్వన్న మాట నేనెట్లా కాదంటాను? తాగు, ఐసు కరిగిపోతోంది."

తాగాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు, ఈ వయసులో దాచుకోవడం కూడా ఒక పనే. వాడు టోపీ దులిపి పెట్టుకున్నాడు. అవతలి వైపు మా బస్సు వచ్చి ఆగింది, ఇద్దరం రోడ్డు దాటేసరికి జనం ఎక్కేశారు. మెట్టు ఎత్తుగా ఉంది, కమ్మీ పట్టుకుని కాలు ఎత్తమన్నాను, సగం లేచి ఆగిపోయింది. వెనక, మెడకి దగ్గరగా, ఆ కూత వినిపించింది, నడుం మీద చెయ్యి పడింది. వెనక్కి చూడకుండా బరువంతా ఆ చేతి మీదికి వదిలేశాను.